రసూల్‌బీ బాగుందన్న బండి

అద్దంకి చుట్టుపక్కల పాత కారు కొనదలచినవాడు ముగ్గుర్ని సంప్రదిస్తాడు. ఇంట్లో ఆడవాళ్ళని, ముహూర్తం చెప్పే అయ్యగారిని, రసూల్‌బీని. మొదటి ఇద్దరూ సరేనన్నాక కూడా రసూల్‌బీ పెదవి విరిచిందంటే ఆ బేరం అక్కడితో సరి. అమ్మేవాడు ఎంత మొత్తుకున్నా లాభం లేదు.

రసూల్‌బీకి నలభై ఎనిమిదేళ్ళు. ఊరి చివర, పత్తి మిల్లు దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆమెది. షెడ్డుకి బోర్డు లేదు. ఎందుకు పెట్టలేదని అడిగితే, తెలిసినవాళ్ళకి బోర్డు అక్కర్లేదనీ, తెలియనివాళ్ళు తనకి అక్కర్లేదనీ అంటుంది. చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా తొడుక్కుంటుంది. మిరప కోతలకి వెళ్ళే ఆడవాళ్ళందరూ అలాగే తొడుక్కుంటారు కాబట్టి చొక్కా ఎవరికీ వింత కాదు. ఆ చొక్కాతో ఉన్న ఆడమనిషి కారు కిందనుంచి వెల్లకిలా జారుతూ బయటికి రావడమే కొత్తవాళ్ళకి వింత.

వాళ్ళ తాత ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకేవాడు. తండ్రి మౌలాలి ఆ పని వదిలేసి పొలాల్లో ఆయిలింజన్లు బాగుచేయడం నేర్చుకున్నాడు. పొలాలకి కరెంటు మోటార్లు వచ్చాక కార్లలోకి దిగాడు. కొడుకులు లేక కూతురికి పని నేర్పాడని జనం చెప్పుకుంటారు. అది ఒట్టి మాట. కొడుకు నిక్షేపంలా ఉన్నాడు, చీరాలలో బట్టల కొట్టు పెట్టుకున్నాడు. కూతురికి చెవి ఉందని కనిపెట్టాడు మౌలాలి, అందుకని నేర్పాడు.

ఆ చెవి సంగతి చెప్పాలి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంటుంది రసూల్‌బీ. ఆ సమయంలో పక్కన ఎవరు మాట్లాడినా తిట్లు తింటారు. పాత కారు వినమని తెచ్చినవాళ్ళు దాన్ని ముందురోజే ఆమె షెడ్డులో వదిలి వెళ్ళాలి. వేడెక్కిన ఇంజన్ సగం జబ్బులు దాచేస్తుందనీ, తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్ట్ చేస్తేనే దాని అసలు రంగు బయటపడుతుందనీ ఆమె నమ్మకం. విన్నాక చెప్పేది ఒక్క ముక్కే. బాగుంది, లేదా వద్దు. ఇరవై ఏళ్ళలో ఆ ముక్క తప్పింది లేదు. మొన్న జనవరిలో కొన్న తెల్ల కారు దాకా.

ఆ కారు కొన్నది గోవర్ధనపాలెం శ్రీకృష్ణ. ముప్పై నాలుగేళ్ళవాడు, మిరప రైతులకీ గుంటూరు యార్డుకీ మధ్య బేరాలు కుదురుస్తుంటాడు. వారానికి రెండుసార్లు, సోమవారం బుధవారం, తెల్లవారుజామునే శాంపిల్ కాయల సంచులు వేసుకుని గుంటూరు వెళ్ళాలి. రసూల్‌బీ కారు విని, బాగుంది కొనుక్కోమంది. ఇంజన్ మీద ఉండాల్సిన ప్లాస్టిక్ మూత మాత్రం ఎవరో ఊడబెరికి పారేశారనీ, అది లేనంత మాత్రాన పరుగుకి ఢోకా లేదనీ చెప్పింది.

మూడో వారంలో శ్రీకృష్ణ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అక్కా, బండి వణుకుతోంది. పొద్దున్నే స్టార్ట్ చేసి అట్టా వదిలేస్తే చాలు, స్టీరింగు, అద్దాలు, సీట్లు అన్నీ వణుకుతున్నాయి. గేరేస్తే లాగట్లేదు. ఇంజన్ బొమ్మ పసుప్పచ్చ లైటు కూడా వెలిగింది."

"ఇప్పుడు వణకట్లేదుగా?"

"అదే నా ఖర్మ. మార్టూరు దాటేసరికి సర్దుకుంటుంది. గుంటూరు వెళ్ళొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ఉంటుంది."

నాలుగు సిలిండర్లలో ఒకటి మధ్యమధ్యలో మండడం మానేస్తే ఇంజన్ అలా వణుకుతుంది. ఏది మానేసిందో పట్టుకోవడానికి రసూల్‌బీకి ఒక పద్ధతి ఉంది. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో సిలిండరుకి కరెంటు అందించే కాయిల్ వైరు పీకుతుంది. మంచి సిలిండరుది పీకితే ఇంజన్ చప్పుడు తడబడుతుంది. పీకినా చప్పుడు మారలేదంటే అది అంతకుముందే పడుకుందన్నమాట. ఆ రోజు నాలుగూ పీకింది. నాలుగింటికీ తడబడింది. అంటే నాలుగూ బాగున్నట్టే.

అయినా ఊరుకోకుండా కాయిళ్ళు పైకి లాగి చూసింది. మూడో సిలిండరులో, ప్లగ్గు కూర్చునే లోతైన గుంటలో, ఎర్రటి పొడి పేరుకుని ఉంది. మిరప సీజన్లో ఆ ప్రాంతంలో ఎర్రటి పొడి ఎక్కడుండదు? కిటికీ చువ్వల మీదా, సెల్‌ఫోన్ సందుల్లోనూ, ఆఖరికి సైకిల్ గంటలోనూ ఉంటుంది. పైగా అది మిరప సంచులు మోసే బండి. గాలి పైపు పెట్టి ఒక్క ఊపు ఊది శుభ్రం చేసి, కొత్త ప్లగ్గు వేసి పంపింది.

మరుసటి సోమవారం బండి మళ్ళీ వణికింది. ఈసారి మూడో కాయిల్ తీసి ఒకటోదానిలో, ఒకటోది మూడోదానిలో పెట్టింది. జబ్బు కాయిల్‌దే అయితే దాని వెంట ఒకటోదానికి రావాలి. రాలేదు. బుధవారం వణికి వచ్చిన బండిలో మూడో ప్లగ్గే మసిబారి ఉంది. గుంటలో మళ్ళీ ఎర్రటి పొడి, మళ్ళీ గాలి పైపు. చివరికి బండిని రాత్రికి షెడ్డులోనే ఉంచుకుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే పాలు తాగిన పిల్లిలా గుర్రుగుర్రుమంది.

శ్రీకృష్ణకి ఓపిక నశించి గుంటూరులో ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడ కంప్యూటర్ తగిలించి, మూడో సిలిండరు మిస్ కొడుతోందని చెప్పారు. ఆ సంగతి శ్రీకృష్ణకీ తెలుసు, కారులో కూర్చున్న మిరపకాయలకీ తెలుసు. ఎందుకు కొడుతోందో మాత్రం కంప్యూటర్ చెప్పలేదు. వాళ్ళు కొత్త కాయిల్ వేశారు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కడిగారు. మరుసటి వారం బండి మళ్ళీ వణికింది.

ఈలోగా ఊళ్ళో జనానికి కొత్త ముచ్చట దొరికింది. టీ కొట్టు దగ్గర ఒకడు ఇంకొకడిని కొత్త అల్లుడు ఎట్టా ఉన్నాడని అడిగాడట. రెండోవాడు, "రసూల్‌బీ బాగుందన్న బండిలాగా ఉన్నాడు" అన్నాడట. అందరూ పగలబడి నవ్వారు. వారం తిరిగేసరికి నమ్మకంలేని ప్రతిదానికీ అదే మాట. కారే కుళాయికి, కుదరని సంబంధానికి, రానని చెప్పి వచ్చే వానకి కూడా. ఆ ముచ్చట ఆమె చెవిన పడకుండా ఉంటుందా? అది అద్దంకిలోకెల్లా పదునైన చెవి.

పైకి నవ్వేసింది. క్రీస్తుదాసు మాస్టారు వచ్చిన రోజు మాత్రం నవ్వలేకపోయింది. ఆయన హైస్కూల్లో లెక్కలు చెబుతారు. బడి వదలగానే షెడ్డు పక్కన టీ తాగి ఇంటికి వెళ్ళడం ఆయనకి పదేళ్ళ అలవాటు. రిటైరయ్యేలోపు ఒక పాత కారు కొనుక్కోవాలని ఆశపడుతున్నారు.

"ఒంగోలులో ఒక బండి చూశానమ్మా," అన్నారు గ్లాసు కేసి చూస్తూ. "ఈసారికి దాన్ని గుంటూరులో చూపిద్దామనుకుంటున్నాను. నువ్వేమీ అనుకోకు."

"నేనేమనుకుంటాను మాస్టారూ. చూపించండి," అంది రసూల్‌బీ.

ఆయన వెళ్ళాక చాలాసేపు చేతిలో పానా పట్టుకుని ఊరికే కూర్చుంది. ఆమెకి ఉన్న ఆస్తి ఆ ఒక్క మాట. సామాన్లు ఎవరైనా కొనుక్కోవచ్చు, షెడ్డు ఎవరైనా వేసుకోవచ్చు. ఆమె బాగుందంటే బాగున్నట్టే అన్నది పోతే ఇక ఆమె దగ్గరికి ఎవరూ రావాల్సిన పనిలేదు. ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఎందుకంటే అప్పుడే దగ్గొచ్చింది.

షెడ్డు పక్కన టీ కొట్టు ఆమె మొగుడు రహమాన్‌ది. సాయంత్రం బేరం తగ్గాక పచ్చడికని ఎండుమిరపకాయలు మూకుట్లో వేయించడం మొదలుపెట్టాడు. ఘాటు షెడ్డంతా కమ్ముకుంది. రసూల్‌బీ వరసపెట్టి ఆరు తుమ్ములు తుమ్మింది. ఏడో తుమ్ము రాబోయి ఆగిపోయింది.

"ఏవయ్యా, ఇట్రా," అని కేకేసింది. "ఆ తెల్ల బండికి గాలి పైపు పెట్టినప్పుడు టీ తెచ్చింది నువ్వేగా?"

"నేనే. ఆ ఎర్రపొడంతా నా మొహాన కొట్టావు. రెండుసార్లూ కొట్టావు. నేనేమన్నా అన్నానా?"

"తుమ్మావా?"

రహమాన్ గరిటె పట్టుకుని ఆలోచించాడు. "లేదే."

"కళ్ళు మండినాయా?"

"లేదు. తెల్ల బనీను మీద మరకలు పడ్డాయి. ఉతికినా పోలా."

"అట్టయితే అది కారం కాదు."

ఆమె మీద ఆమెకే ఒళ్ళు మండింది. రెండుసార్లు కళ్ళతో చూసి, రెండుసార్లు చేత్తో ఊదేసింది. ఎరుపు కనబడగానే కారం అనుకోవడం ఈ నేల మీద పుట్టినవాళ్ళకే చెల్లింది. కారం కాని ఎరుపు ఏముంటుంది? బండి రాత్రికి ఇక్కడ ఉంటే బాగుంటుంది, ఇంటి దగ్గర ఉంటే చెడుతుంది. వణికేది సోమవారం, బుధవారం. అంటే ఆదివారం, మంగళవారం సాయంత్రం ఆ ఇంట్లో ఏదో జరుగుతోంది. అక్కడిదాకా వచ్చేసరికి ఆమెకి సగం అర్థమైంది. మిగతా సగం చూడటానికి ఆ ఆదివారం పొద్దువాలే వేళకి స్కూటీ వేసుకుని గోవర్ధనపాలెం వెళ్ళింది.

శ్రీకృష్ణ కల్లాల వైపు వెళ్ళాడు. వాకిట్లో తెల్ల కారు ఒక్కటే ఉంది. రసూల్‌బీ గేటు దగ్గర స్కూటీ ఆపుతుండగా, శ్రీకృష్ణ తల్లి సుబ్బరావమ్మ ఇత్తడి పళ్ళెంతో బయటికి వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి, సన్నగా చువ్వలా ఉంటుంది. పళ్ళెం నిండా పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు. కారు ముందు నిలబడి పళ్ళెం మూడుసార్లు అటూ, మూడుసార్లు ఇటూ తిప్పింది. దిష్టి తీసి ఆ నీళ్ళు దారిలో పారబోయడం ఎవరైనా చేసే పనే. సుబ్బరావమ్మ పారబోయలేదు. పళ్ళెం గట్టు మీద పెట్టి, డ్రైవరు తలుపు తీసి, స్టీరింగు కింద చెయ్యి పెట్టి మీట లాగింది. ముందుకొచ్చి బానెట్ ఎత్తింది. ఊచ నిలబెట్టింది. మెకానిక్కుకి ఏమాత్రం తీసిపోని ఒడుపు. తర్వాత పళ్ళెం అందుకుని, ఇంజన్ నడినెత్తిన ఎర్రనీళ్ళు ధారగా పోసింది.

"పిన్నమ్మా, చాలు, ఇంక చాలు," అంటూ రసూల్‌బీ పరిగెత్తింది.

సుబ్బరావమ్మ ఉలిక్కిపడింది గానీ, మిగిలిన నాలుగు చుక్కలు కూడా వంపేసే ఆగింది. "ఏంది రసూల్‌బీ, దిష్టి తీసేటప్పుడు ఎదురొస్తావా?"

"ఇందులో ఎందుకు పోస్తున్నావు పిన్నమ్మా?"

"మరెక్కడ పోసేది? కొత్తలో పైనే పోశాను. తెల్ల రంగు మీద మరకలు పడినాయని వాడు మూడు రోజులు నాతో మాట్లాడలా. అందుకని ఎవరికీ కనపడకుండా లోపల పోస్తన్నా. అసలు ప్రాణం ఉండేది లోపలేగా?"

రసూల్‌బీ మూడో కాయిల్ పైకి లాగి చూపించింది. గుంటలో ఎర్రనీళ్ళు నిలిచి ఉన్నాయి. పైన మూత లేదు, మూడో కాయిల్ రబ్బరు కాస్త వదులు, నీళ్ళు అందులోకే దారి చేసుకున్నాయి. రాత్రంతా అవి ప్లగ్గు చుట్టూ నిలిస్తే పొద్దున్నే నిప్పురవ్వ పక్కదారి పడుతుంది, సిలిండరు మండదు, బండి వణుకుతుంది. రోడ్డెక్కి వేడెక్కాక నీళ్ళు ఆవిరైపోయి, పసుపూ సున్నం కలిసిన ఎర్రపొడి మిగులుతుంది. అదంతా వీలైనంత తేలిగ్గా చెప్పింది.

సుబ్బరావమ్మ అరుగు మీద కూలబడింది. "బండి వణికినప్పుడల్లా దిష్టి ఎక్కువైందనుకుని నీళ్ళు పెంచుకుంటా వచ్చాను గదే. మొదట గ్లాసుడు, తర్వాత చెంబుడు, ఇప్పుడు పళ్ళెం నిండా."

రసూల్‌బీకి నవ్వాగలేదు. ఆ నవ్వు చూసి ముసలామె కూడా నవ్వబోయి, అంతలోనే ఆమె చెయ్యి పట్టుకుంది. "వాడికి చెప్పమాక. చెబితే నన్ను మళ్ళీ బండి దగ్గరికి రానివ్వడు. వాళ్ళ నాయన మిరపకాయల లారీ మీద వెళ్తా ఆ గుంటూరు రోడ్డునే ప్రాణం పోగొట్టుకున్నాడు. నీకు తెలుసుగా. ఈ ఇనప ముక్కకి దిష్టి తీస్తానా నేను? లోపల కూర్చునేవాడికి తీసేది."

 రసూల్‌బీ కూడా ముగ్గురు పిల్లల తల్లి. చెప్పనని చేతిలో చెయ్యి వేసింది. గుంటలో నీళ్ళు గుడ్డతో అద్ది, రబ్బరు మార్చి, ఇకనుంచి టైర్లకి పోయమంది. టైరు నలుపే కాబట్టి మరక కనబడదనీ, రోడ్డుని తాకేది అదే కాబట్టి దిష్టికి అదే అసలు చోటనీ గట్టిగా చెప్పింది. రెండో ముక్క అప్పటికప్పుడు కల్పించింది.

ఆ సోమవారం నుంచి బండి వణకలేదు. రసూల్‌బీ సంతోషించింది, కానీ ఆ సంతోషం నాలుగు రోజులు కూడా నిలవలేదు. గుంటూరు వాళ్ళు వేసిన కాయిల్ ఇన్నాళ్ళకి కుదురుకుందని శ్రీకృష్ణ కనబడిన ప్రతివాడికీ చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకేముంది, ఆమె చెవితో పట్టలేనిది వాళ్ళ కంప్యూటర్ పట్టిందని ఊరు తేల్చేసింది.

రహమాన్ కుతకుతలాడిపోయాడు. "నోట్లో నాలుక లేదా నీకు? వెళ్ళి చెప్పు."

"మాటిచ్చాను."

"నీ మాటకి ఊళ్ళో విలువ పోతంటే, ఎవరికో ఇచ్చిన మాట పట్టుకుని ఊగుతావేంది?"

"అది కూడా నా మాటేగా," అంది రసూల్‌బీ. ఆ తర్వాత అతను ఆ సంగతి ఎత్తలేదు. టీలో మాత్రం రెండు రోజులు చక్కెర వెయ్యలేదు.

పది రోజుల తర్వాత, బడి వదిలే వేళకి తెల్ల కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. పక్క సీట్లోంచి సుబ్బరావమ్మ దిగింది. జరీ అంచు చీర కట్టుకుంది, పెళ్ళికి బయల్దేరినట్టు ఉంది. ఎందుకొచ్చామో తెలియక శ్రీకృష్ణ దిక్కులు చూస్తున్నాడు. టీ కొట్టు దగ్గర పదిమంది దాకా ఉన్నారు, మాస్టారితో సహా.

"నిన్న మా ఇంటికి చుట్టాలొచ్చారు," అంది సుబ్బరావమ్మ అందరికీ వినబడేలా. "మావాడు నవ్వుతా ఒక మాటన్నాడు. రసూల్‌బీ బాగుందన్న బండి అని. ఊరంతా అనుకుంటున్నారంటగా. నాకు నిన్నే తెలిసింది. ఆ బండి చెడగొట్టింది నేను. వారానికి రెండుసార్లు దిష్టినీళ్ళు తెచ్చి ఇంజన్లో పోశాను. గుంటూరు కాదు, ఢిల్లీ తీసుకుపోయినా బాగుపడదు. రసూల్‌బీ వచ్చి పట్టుకుంది. వీడికి చెప్పొద్దని నేను బతిమాలితే నోరు మూసుకుని ఇన్ని మాటలు పడింది."

 శ్రీకృష్ణ చెవులు ఎర్రబడ్డాయి.

"నాతో చెప్పొచ్చుగదమ్మా. నేనేమన్నా అంటానా?"

"అంటావు. మరకకే మూడు రోజులు మూతి ముడుచుకున్నావు."

రహమాన్ ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. శ్రీకృష్ణ కూడా నవ్వి, రసూల్‌బీ ముందుకొచ్చి తల దించుకున్నాడు. "తప్పైపోయిందక్కా. ఊరంతా చెప్పింది నేనే. రేపట్నించి మళ్ళీ ఊరంతా నేనే చెబుతా."

అక్కడితో ఊరుకుంటే ఆమె మాట ఆమెకి చెక్కుచెదరకుండా తిరిగొచ్చేది. ముసలామె తప్పంతా నెత్తిన వేసుకుంది, వినేవాళ్ళందరూ నమ్మారు. రసూల్‌బీ చేతులు తుడుచుకుని లేచింది.

"తప్పు పిన్నమ్మ ఒక్కదానిదే కాదు," అంది. "ఆ ఎర్రపొడి నేను మొదటిరోజే చూశాను. రెండోసారీ చూశాను. కారమనుకుని ఊదేశాను. అదేందో వేలితో తీసి చూసుంటే నెల రోజుల ముందే తెలిసేది. బండి బాగుందని చెప్పడంలో నేను తప్పలేదు. జబ్బు పట్టుకోవడంలో తప్పాను."

"నోరు మూసుకోవచ్చుగా," అని గొణిగాడు రహమాన్. మొహంలో మాత్రం కోపం లేదు.

క్రీస్తుదాసు మాస్టారు టీ గ్లాసు బల్ల మీద పెట్టారు. "ఒంగోలు బండి గుంటూరులో చూపించానమ్మా. పద్నాలుగు కాగితాలు ఇచ్చారు. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, బాగుందో లేదో ఒక్కదాంట్లోనూ లేదు." ఆయన గొంతు సవరించుకున్నారు. "నువ్వే విని చెప్పు. బాగుందంటే కొంటాను, వద్దంటే మానేస్తాను. నాకు తెలియలేదు మాస్టారూ అన్నా సరే, ఆ మాట కూడా నమ్ముతాను."

 ఇరవై ఏళ్ళుగా రసూల్‌బీ మాట నమ్మినవాళ్ళు ఎందరో ఉన్నారు గానీ, తప్పు చేశానని చెప్పాక నమ్మింది ఈయనొక్కరే. ఖాకీ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంటే మొహాన గ్రీజు అంటుకుంది. అది చూసి సుబ్బరావమ్మ కొంగుతో తుడవబోయి, జరీ అంచు సంగతి గుర్తొచ్చి ఆగి, ఒక్క క్షణం ఆలోచించి, ఆ అంచుతోనే తుడిచింది.